పక్షవాతం తర్వాత చెయ్యి ఎట్టుంది అంటే "పర్లేదు" అంటే చాలదు

పక్షవాతం వచ్చి ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చిన వాళ్ల డిశ్చార్జి కాగితంలో చెయ్యి గురించి మామూలుగా ఒక్క ముక్కే ఉంటుంది. "పవర్ 2/5" అనో, "3/5" అనో. అంతే. బెంగళూరులో ఉద్యోగం చేసే కొడుకు ఆ కాగితం ఫోటో ఫోన్లో చూసి, "2/5 అంటే 40 శాతం వచ్చేసినట్టే కదా మేడం, ఇంకో నెలకి 80 అయిపోతుందా" అని అడుగుతాడు. కాదు నాయనా, ఆ లెక్క అట్టా నడవదు. అవి శాతాలు కావు, మెట్లు. 0 అంటే కండరంలో కదలికే లేదు. 1 అంటే కండరం లోపల అదురుతుంది గానీ కీలు కదలదు. 2 అంటే మంచం మీద ఆనించి పక్కకి జరపగలరు గానీ పైకి ఎత్తలేరు. 3 అంటే చేతి బరువు చెయ్యి ఎత్తుకోగలదు, మనం కాస్త అదిమితే పడిపోతుంది. 4 అంటే అదిమినా కొంత నిలుస్తుంది. 5 అంటే మామూలు బలం. 2 నుంచి 3కి ఒకరు కొన్ని రోజుల్లో వస్తారు, ఇంకొకరు ఎప్పటికీ రాకపోవచ్చు. పైగా ఆ అంకె ఒక్కో కండరానికి విడివిడిగా వేసేది. భుజం 3 ఉండి వేళ్లు 0 ఉన్న చేతికి మొత్తంగా ఒక అంకె రాసి పంపిస్తే, ఆ మనిషి గ్లాసు పట్టుకోగలడో లేడో ఎవరికి అర్థమవుతుంది?

నేను కావలిలో ఫిజియోథెరపిస్టుని. పొద్దున క్లినిక్కు, మధ్యాహ్నం నుంచి బండి మీద అల్లూరు, దగదర్తి, జలదంకి వైపు ఊళ్లకు పోయి ఇళ్ల దగ్గరే ఎక్సర్‌సైజులు చేయిస్తుంటాను. "ఎట్టుండాది పెద్దాయనా చెయ్యి?" అని అడిగితే వచ్చే జవాబు ఎప్పుడూ ఒకటే: "పర్లేదు పాపా, అట్టే ఉండాది." ఆ పర్లేదులో పోయిన నెలకీ ఈ నెలకీ తేడా కనపడదు. ఇంట్లోవాళ్లకీ కనపడదు, రోజూ చూస్తూ ఉంటారు కాబట్టి. దీనివల్ల ఏమవుతుందంటే, నిజంగా మెరుగవుతున్నవాళ్లు ఆ సంగతి తెలీక విసుగొచ్చి ఫిజియో మానేసి ఎవరో చెప్పారని పావురం రక్తం పూయించుకోవడానికి పోతారు, ఇంకోపక్క ఎదుగుదల ఆగిపోయినవాళ్లు అదే ఎక్సర్‌సైజుని అదే పద్ధతిలో నెలల తరబడి లాగుతుంటారు. మార్చాల్సినవాళ్లు మార్చరు, ఆపకూడనివాళ్లు ఆపేస్తారు. షుగరుకీ బీపీకీ నెలనెలా అంకె చూసుకుంటాం కదా, చేతికి ఎందుకు చూసుకోం? చూసుకోవడానికి పద్ధతులు లేక కాదు, చాలా ఉన్నాయి.

ప్రపంచమంతా ఎక్కువగా వాడేది ఫుగ్ల్-మేయర్ పరీక్ష. 1975లో స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్‌లో ఫుగ్ల్-మేయర్, ఆయన బృందం తయారు చేశారు. అందులో చేతి కదలికలకి 33 అంశాలు, ఒక్కోదానికి 0, 1, 2 మార్కులు, మొత్తం 66. కొత్త మిషన్లేమీ అక్కర్లేదు, ఒక కాగితం, పెన్ను, చిన్న సీసా, టెన్నిస్ బంతి, రిఫ్లెక్సులు చూసే సుత్తి ఉంటే చాలు, అరగంటలో అయిపోతుంది. దీని అసలు గొప్పతనం వేరే ఉంది. స్ట్రోక్ (పక్షవాతం) తర్వాత చెయ్యి మొదట వాలిపోయి ఉంటుంది, తర్వాత కదలిక వస్తుంది గానీ గంపగుత్తగా వస్తుంది. చెయ్యి ఎత్తమంటే భుజం చెవి దాకా లేస్తుంది, మోచెయ్యి ముడుచుకుంటుంది, గుప్పిట బిగుసుకుంటుంది, అన్నీ ఒకేసారి. ఇంట్లోవాళ్లు అది చూసి "చెయ్యి లేస్తుండాది మేడం" అని సంబరపడతారు, పడాల్సిందే, అది మంచి గుర్తే. కానీ పనికొచ్చే చెయ్యి కావాలంటే మోచెయ్యి చాపుతూనే భుజం ఎత్తగలగాలి, మోచెయ్యి కదలకుండా మణికట్టు తిప్పగలగాలి, ఒక వేలికి ఇంకో వేలు తోడు రాకుండా కదలాలి. ఆ గుత్తి ఎంతవరకు విడిపోయింది అన్నదాన్నే ఈ పరీక్ష కొలుస్తుంది. అందుకే 15 వచ్చినవాళ్లకి ఇచ్చే ఎక్సర్‌సైజు, 45 వచ్చినవాళ్లకి ఇచ్చేది ఒకటి కాదు, కాకూడదు.

రెండోది అరాట్ అని పిలిచే పరీక్ష. యాక్షన్ రీసెర్చ్ ఆర్మ్ టెస్ట్ అని పూర్తి పేరు, 1981లో లైల్ అనే ఆయన తెచ్చాడు. 19 పనులు, ఒక్కోదానికి 3 మార్కులు, మొత్తం 57. ఇది కండరాన్ని కాకుండా పనిని చూస్తుంది. బల్ల మీద 10 సెంటీమీటర్ల చెక్క దిమ్మె, చిన్న దిమ్మెలు, ఒక సానరాయి, క్రికెట్ బంతి ఉంటాయి, వాటిని పట్టుకుని 37 సెంటీమీటర్ల ఎత్తున్న అరలో పెట్టాలి. ఒక గ్లాసులో నీళ్లు ఇంకో గ్లాసులోకి వంచాలి. పిల్లలాడే గోలీని, సైకిల్ చక్రంలో ఉండే బాల్‌బేరింగ్ లాంటి చిన్న గుండుని బొటనవేలితో పాటు ఒక్కో వేలితో పట్టి ఎత్తాలి. చివర చెయ్యి తల వెనక్కి, నడినెత్తి మీదికి, నోటి దగ్గరికి. క్రికెట్ బంతి బయటికి తీయగానే వయసుతో పని లేకుండా మగవాళ్ల మొహం మారిపోతుంది, "దీన్ని పట్టుకోలేకపోతే ఇంకెందుకు" అని పంతానికొస్తారు. మార్కు వేయడంలో టైము కూడా లెక్కే, సాఫీగా 5 సెకన్లలో చేస్తే 3, కిందా మీదా పడి నిమిషం లోపల పూర్తి చేస్తే 2, సగంలో ఆగితే 1.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. మార్కులు 2 పెరిగాయని పండగ చేసుకోవద్దు, 2 తగ్గాయని ఏడవద్దు. నిద్ర సరిగ్గా లేకపోయినా, భుజం నొప్పిగా ఉన్నా, కొలిచే మనిషి మారినా అంతమాత్రం అటూ ఇటూ అవుతుంది. అరాట్‌లో సుమారు 6, ఫుగ్ల్-మేయర్‌లో సుమారు 5 పెరిగితే అప్పుడు మనిషికి రోజువారీ పనిలో తెలిసేంత మార్పు అని పరిశోధనల్లో తేల్చారు. అంత పెరగడానికి టైము పడుతుంది కాబట్టి రోజూ కొలవడం వృథా, టెన్షన్ తప్ప ఏమీ రాదు. నేను రెండు మూడు వారాలకోసారి కొలుస్తాను, మొదటి మూడు నెలల్లో అయితే తప్పకుండా, ఎందుకంటే ఎక్కువ మార్పు వచ్చేది ఆ మూడు నెలల్లోనే. తర్వాత రాదని కాదు, నెమ్మదిగా వస్తుంది.

మొదటి మూడు రోజుల గురించి కూడా తెలిసి ఉండాలి. నెదర్లాండ్స్‌లో చేసిన ఒక పరిశోధన 2010లో వచ్చింది, స్ట్రోక్ వచ్చిన 72 గంటల లోపల రెండే రెండు చూశారు: వేళ్లు కొంచెమైనా చాపగలుగుతున్నారా, చెయ్యిని భుజం దగ్గర పక్కకి కొంచెమైనా ఎత్తగలుగుతున్నారా. రెండూ ఉన్నవాళ్లకి ఆరు నెలల నాటికి చేత్తో పనులు చేసుకునే నేర్పు ఎంతోకొంత తిరిగొచ్చే అవకాశం 98 శాతం, రెండూ లేనివాళ్లకి 25 శాతం. తర్వాత న్యూజిలాండ్‌లోని ఆక్లండ్‌లో క్యాథీ స్టినియర్ బృందం ఇవే రెండు కదలికల బలాన్ని కలిపి స్కోరు చేసి, ఎవరి చెయ్యి ఎంతవరకు వస్తుందో ముందే అంచనా వేసే పద్ధతి తయారు చేసింది. ఆ రెండు కదలికలు చూడటం పడక పక్కన నిలబడి రెండు నిమిషాల్లో చేసే పని. దానికి స్కానింగు అక్కర్లేదు, డబ్బులక్కర్లేదు. మరి మా దగ్గరికొచ్చే కాగితాల్లో మూడో రోజు వేళ్లు కదిలాయా లేదా అన్నది ఎందుకుండదు? తలకి తీసిన స్కానుకి మూడు పేజీలు, వేళ్లకి ఒక్క వాక్యం కూడా లేదు. నాకు కోపం వచ్చేది ఇక్కడే. ఇంకో సంగతి, 25 శాతం అంటే సున్నా కాదు, నలుగురిలో ఒకరు. ఆ మాట కూడా ఇంట్లోవాళ్లకి కూర్చోబెట్టి చెప్పాలి.

ఇప్పటిదాకా చెప్పినవన్నీ చెయ్యి ఏం చేయగలదు అన్నదాని కొలతలు. చేస్తోందా లేదా అన్నది పూర్తిగా వేరే కొలత, నేను ఈ పోస్టు రాయడానికి కూర్చున్నది దీనికోసమే.

జువ్వలదిన్నె వైపు ఒక మత్స్యకారుడు, యాభై దాటినాయన, ఎడమవైపు పడిపోయింది. గట్టి మనిషి, చెప్పింది చెప్పినట్టు చేసేవాడు. అరాట్ స్కోరు ఇరవైల నుంచి నలభైల్లోకి వచ్చింది, గోలీ ఎత్తేవాడు, నీళ్లు వంచేవాడు. ఒకరోజు నేను చెప్పకుండా పోయేసరికి ఇంటి ముందు కూర్చుని చిరిగిన వల బాగుచేసుకుంటున్నాడు. వల కన్ను లాగి పట్టుకోవాల్సింది ఎడమ చెయ్యి. ఆయన ఏం చేస్తున్నాడంటే వలని కాలి బొటనవేలికి తగిలించి, పంటితో కూడా కొంత పట్టుకుని, పనంతా కుడిచేత్తో లాగిస్తున్నాడు. ఎడమ చెయ్యి ఒళ్లో పడి ఉంది. "ఏందన్నా ఇది" అని నేనడిగితే, "అది మీరొచ్చినప్పుడు చేసే చెయ్యి గదమ్మా" అన్నాడు. కపటం లేకుండా అన్నాడు. ఆయన దృష్టిలో ఎడమ చేతి పని పరీక్ష రాయడం, బతుకు పనులు కుడిచేతివి.

ఎడ్వర్డ్ టాబ్ అనే అమెరికా శాస్త్రవేత్త కోతుల మీద చేసిన ప్రయోగాల్లో ఈ సంగతి ముందే పట్టుకున్నాడు. దెబ్బతిన్న చేత్తో ప్రయత్నించి ప్రయత్నించి ఓడిపోయిన జీవి, ఆ చెయ్యి తర్వాత బాగుపడినా దాన్ని వాడటం మానేస్తుంది, వాడకపోవడం అనేది నేర్చుకుంటుంది. దాన్నుంచే బాగున్న చేతికి గ్లౌజు తొడిగి, బాగోలేని చేతినే పనికి పెట్టే పద్ధతి పుట్టింది. 2006లో వచ్చిన ఎక్సైట్ అనే పెద్ద ట్రయల్‌లో 222 మంది మీద దాన్ని పరీక్షించారు, స్ట్రోక్ వచ్చి 3 నుంచి 9 నెలలైనవాళ్లు, మణికట్టు, వేళ్లు కొంచెమైనా పైకి ఎత్తగలిగినవాళ్లు. రెండు వారాల పాటు మెలకువగా ఉన్న టైములో దాదాపు 90 శాతం గ్లౌజు ఉంచమన్నారు, దాంతోపాటు రోజూ గంటల కొద్దీ సాధన. ఫలితం బాగా వచ్చింది. ఇది చదివి ఎవరూ ఇంట్లో పెద్దాయన చెయ్యి కట్టేయకండి, వేళ్లు అసలు కదలనివాళ్లకి ఇది పనికిరాదు, నడకలో తూలేవాళ్లకి ప్రమాదం కూడా.

ఇంకో పరిశోధన నన్ను బాగా ఆలోచింపజేసింది. సెయింట్ లూయిస్‌లోని వాషింగ్టన్ యూనివర్సిటీ వాళ్లు రెండు మణికట్లకీ వాచీ లాంటి సెన్సర్లు కట్టి, ఇంటి దగ్గర ఏ చెయ్యి ఎన్ని గంటలు కదులుతోందో లెక్కపెట్టారు. 2017లో వాళ్లు రాసింది ఏంటంటే, గట్టిగా సాధన చేయిస్తే అరాట్ మార్కులు పెరిగాయి, కానీ ఇంట్లో ఆ చేతి వాడకం పెరగలేదు. మా జువ్వలదిన్నె అన్న కథే. అదే బృందం ఆరోగ్యంగా ఉన్నవాళ్లకి కూడా కట్టి చూస్తే, కుడి, ఎడమ చేతులు రోజు మొత్తం మీద దాదాపు సమానంగా కదులుతున్నాయి, ఒకటి చేస్తే ఇంకొకటి 0.95. "ఎడం చెయ్యే కదా మేడం, పోనీండి" అనేవాళ్లకి నేను చెప్పేది ఇదే. ఆకు ముందు కూర్చుని తినేటప్పుడు తప్ప ఎడమ చెయ్యి ఖాళీగా ఉండే టైము మనకి లేనే లేదు. చిలక్కొయ్యకి తగిలించిన చొక్కా తీయడం, కూరగాయ కత్తిపీట మీద పెట్టేటప్పుడు రెండో పక్క పట్టడం, లుంగీ కొస ముడెయ్యడం, బకెట్టు పట్టుకుని నీళ్లు ఒంపడం, అన్నిట్లో అది ఉంటుంది.

సెన్సర్లు మనకెక్కడివి, అందుకని అడిగి రాసుకునే పద్ధతి ఒకటుంది. మోటార్ యాక్టివిటీ లాగ్ అంటారు, టాబ్ బృందానిదే, 30 పనుల పట్టీ. ఒక్కో పనికి పోయిన వారంలో ఆ చెయ్యి ఎంత వాడావు, ఎంత బాగా వాడావు అని అడిగి 0 నుంచి 5 వరకు వేస్తారు. బాగుంది, కానీ ఆ పట్టీలో సాక్సులు తొడుక్కోవడం, ఫోర్కుతో తినడం ఉంటాయి. దగదర్తిలో వరి పండించే రైతుని సాక్సుల గురించి ఏమడుగుతాను? అందుకని అసలు పట్టీలో మార్కులు అట్టాగే వేసి, పక్కన నాది ఇంకో కాగితం పెట్టుకున్నాను. అన్నంలో పప్పు కలపగలుగుతున్నారా, ముద్ద చేసి బొటనవేలితో నోట్లోకి తోయగలుగుతున్నారా. చేపల పులుసులో ముల్లు తీయగలుగుతున్నారా, మన నెల్లూరోళ్లని ఇది అడక్కపోతే ఎట్టా? పైగా ముల్లు తీయడం కంటే కష్టమైన చిటికెడు పట్టు ఏ పరీక్షలోనూ లేదు, జారుతుంది, సన్నగా ఉంటుంది, మెత్తటి చేపలోంచి చెదరకుండా లాగాలి. చీర కుచ్చిళ్లు పట్టగలుగుతున్నారా. తాళం చెవి తిప్పగలుగుతున్నారా. దొడ్డికి పోయొచ్చాక కడుక్కోగలుగుతున్నారా, ఏ చేత్తో.

ఆ చివరిది అడగడానికి మొహమాటపడొద్దు. ఎడమ చెయ్యి పడిపోయినవాళ్లు కడుక్కోవడానికి కుడి చెయ్యి వాడాల్సొస్తే, ఆ చేత్తోనే అన్నం తినాలంటే మనసొప్పక తిండి తగ్గించేసిన పెద్దవాళ్లని చూశాను. కుడి చెయ్యి పడిపోయినవాళ్ల కష్టం ఇంకోరకం, ఎడమ చేత్తో తినడం పరువు తక్కువ అనుకుని భార్యో కోడలో తినిపిస్తే తింటారు. తినిపించేది ప్రేమతోనే, కానీ రోజుకి మూడుసార్లు కుడిచేతికి దొరికే సాధన పోతుంది. స్పూనుతో మొదలుపెట్టించండి, పిడికి గుడ్డ చుట్టి లావు చేస్తే బలం లేని గుప్పిట కూడా పడుతుంది. మన ఉదయగిరి చెక్క స్పూన్లు తేలిగ్గా ఉంటాయి, నేను కొందరికి అవే ఇచ్చాను. ఆడవాళ్ల విషయంలో అయితే గరిటె చేతిలోంచి లాక్కోవడమే మొదటి పని అయిపోతుంది మన ఇళ్లలో, "నువ్వు కూర్చో అత్తమ్మా, నేను చేస్తాగా" అంటారు. ఆమెకి పొయ్యి దగ్గర కాకపోయినా, కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీసే పనైనా ఇవ్వండి, వెల్లుల్లి ఒలిచే పనైనా ఇవ్వండి. ఒక గిన్నెడు ఒలవడానికి ఎంతసేపు పట్టిందో గడియారం చూసి రాసుకోండి, అదీ కొలతే.

కొందరు మార్కులు వేస్తామంటేనే భయపడుతున్నారు, కారణం పెన్షన్. సదరం సర్టిఫికెట్‌లో శాతం తగ్గితే నెలకి వచ్చే 6,000 ఆగిపోతుందేమో, మంచానికే పరిమితమైనవాళ్లకి వచ్చే 15,000 పోతుందేమో అని, పరీక్షలో చెయ్యి ఎత్తగలిగినా ఎత్తరు. వాళ్లని తప్పు పట్టలేను, ఆ డబ్బుతోనే మందులు కొంటున్నారు. నేను చెప్పేది ఒకటే, సదరం శాతం డాక్టర్ల క్యాంపులో వాళ్ల పద్ధతిలో వేసేది, నా కాగితం మీ ఎక్సర్‌సైజు ఏది మార్చాలో చూసుకోవడానికి, దీన్ని నేను ఎవరికీ పంపను.

ఇంటి దగ్గర కొలుచుకోవాలంటే ఇట్టా చేయండి. బాక్స్ అండ్ బ్లాక్ అని ఒక పరీక్ష ఉంది, మధ్యలో అడ్డు పెట్టిన పెట్టెలో ఒక పక్కనుంచి ఇంకో పక్కకి అంగుళం చెక్క దిమ్మెలు ఒక నిమిషంలో ఎన్ని వేస్తారో లెక్కపెట్టడం. ఆరోగ్యంగా ఉన్న 75 దాటినవాళ్లు కూడా సగటున 60కి పైనే వేస్తారు. మీకు ఆ పెట్టె అక్కర్లేదు. రెండు గిన్నెలు, మధ్యలో నిలబెట్టిన ఒక పుస్తకం, చిన్న సైజు నిమ్మకాయలు. గూడూరు, పొదలకూరు పక్కనే ఉండగా మనకి నిమ్మకాయలకి కరువా. వేళ్లు బాగా కదులుతుంటే గచ్చకాయలకి మారండి. ఫోన్లో నిమిషం పెట్టి, ఒక్కోటి తీసి అవతల వేయించండి, ముందు బాగున్న చెయ్యి, తర్వాత బాగోలేనిది. అంకె, తారీకు గోడ మీది క్యాలెండర్లో ఆ రోజు గడిలోనే రాయండి. మళ్లీ కొలిచేటప్పుడు అదే కుర్చీ, అవే గిన్నెలు, అదే పూట ఉండాలి, పొద్దున ఒకసారి, రాత్రి అలిసిపోయాక ఒకసారి కొలిచి పోల్చొద్దు. పుస్తకాల్లోని అంకెలతోనూ పోల్చొద్దు, పక్కింటాయనతో అసలే వద్దు.

చూసేటప్పుడు చేతినే కాదు, నడుముని చూడండి. చెయ్యి చాపలేనప్పుడు మనిషి ఒళ్లంతా ముందుకి వంచి అందుకుంటాడు, అంకె పెరుగుతుంది గానీ చెయ్యి పెరిగినట్టు కాదు. వీపు కుర్చీకి ఆనించి కూర్చోబెట్టండి, వంగితే ఒక టవలు ఛాతీ చుట్టూ వదులుగా వేసి గుర్తుచేయండి. భుజం నొప్పి వస్తే ఆ రోజుకి ఆపేయండి. ఏ పనికీ, లేపడానికైనా బట్టలు తొడగడానికైనా, ఆ చెయ్యి పట్టి లాగొద్దు, వాలిపోయిన భుజం కీలు జారుతుంది, ఒకసారి నొప్పి పట్టుకుంటే నెలల సాధన పోతుంది. గుప్పిట రోజురోజుకీ బిగుసుకుంటూ గోళ్లు అరచేతిలో దిగుతుంటే ఆగకుండా డాక్టరుకి చూపించండి, దానికి వేరే వైద్యం ఉంది.

దాంతోపాటు ఒక పక్కనుంచి, అదే చోట ఫోన్ పెట్టి, గ్లాసు నోటి దగ్గరికి తెచ్చుకునే వీడియో నెలకోటి తీసి పెట్టుకోండి. ఆ చెయ్యి తనంతట తాను, ఎవరూ చెప్పకుండా చేసిన పనులు వారానికోసారి ఆ క్యాలెండర్ కిందే రాయండి, తలుపు గడియ తీసింది, దుప్పటి లాక్కుంది, మనవడి జుట్టు సవరించింది, ఏదైనా సరే. రివ్యూకి పోయేటప్పుడు షుగరు రిపోర్టుతో పాటు ఆ క్యాలెండర్ కాగితం, మొదటి వీడియో, చివరి వీడియో డాక్టరు ముందు పెట్టి, ఆసుపత్రిలో ఫిజియో విభాగం ఉంటే ఫుగ్ల్-మేయర్ స్కోరు చీటీ మీద రాసిమ్మని అడగండి.